ఫుట్‌బాల్ క్లబ్ మూతపడేటట్టు ఉన్నది: ఏడాదికి మూడున్నర లక్షలు ఎట్ల నిలబెట్టాలె?

కాజీపేట_లెఫ్ట్‌వింగ్

మా క్లబ్ కాజీపేట వైపు. పిల్లలు 45 మంది: 13 ఏండ్ల లోపు, 17 ఏండ్ల లోపు, సీనియర్లు. వారానికి ఐదు పొద్దులు ప్రాక్టీస్. ఇన్నాళ్లు ఒక్క దాతే ఏడాదికి రెండున్నర లక్షలు ఇచ్చేవారు. ఆయన వ్యాపారం దెబ్బతిన్నది, ఇక ఇయ్యలేనన్నరు. తప్పు పట్టేది ఏం లేదు, ఆయన ఇచ్చినందుకే ఇంత దూరం వచ్చినం.

ఏడాది ఖర్చు లెక్క:
కోచ్‌కు నెలకు 12,000, అసిస్టెంట్‌కు 5,000, కలిపి ఏడాదికి 2,04,000. గ్రౌండ్, లైట్లు 30,000. బంతులు 24, ఒకటి 700 చొప్పున 16,800. జెర్సీలు 45, ఒకటి 350 చొప్పున 15,750. టోర్నమెంట్లకు ప్రయాణం 60,000. రిజిస్ట్రేషన్లు, ఫస్ట్ ఎయిడ్, చిల్లర 20,000. మొత్తం 3,46,550.

ఫీజు నెలకు 200. వందకు అరవై మందే కడ్తున్నరు, అంటే ఏడాదికి 64,800.

బాకీలు వేరే ఉన్నయి: కోచ్‌లిద్దరికి మూడు నెలలది 51,000, జెర్సీ షాపుకు 18,000, బస్సుకు 11,000. మొత్తం 80,000.

సొసైటీ రిజిస్ట్రేషన్ లేదు. పైసలు ఇద్దరు సీనియర్ల ఫోన్‌పేలకే వస్తున్నయి. ఎక్కడి నుంచి షురూ చెయ్యాలె?

హన్మకొండ_లెక్కలు

మీరు లెక్క ఇంత విడమరిచి పెట్టారు, సగం పని అయినట్టే. చాలా క్లబ్బులు "సాయం చేయండి" అంటాయి గానీ ఎంత కావాలో చెప్పవు.

మొట్టమొదట బాకీని, నడిపే ఖర్చును వేరు చేయండి. 80,000 ఒక గిన్నె, 3,46,550 ఇంకో గిన్నె. కొత్తగా ఇచ్చేవాళ్లు పిల్లల ఆట కోసం ఇస్తారు. వాళ్లకు చెప్పకుండా ఆ డబ్బు పాత బస్సు బిల్లుకు కడితే, తెలిసిన రోజు మళ్లీ ఇవ్వరు. బాకీ కోసం క్లబ్‌తో పాత సంబంధం ఉన్న వాళ్లనే, సీనియర్లను, ఒకప్పుడు ఆడినవాళ్లను, విడిగా అడగండి: "80,000 తీరితే ఈ ఖాతా మూసేస్తాం" అని. 40 మంది 2,000 చొప్పున ఇస్తే అయిపోతుంది. అందులో కోచ్‌ల బాకీ ముందు తీర్చండి. షాపువాడు రెండు నెలలు ఆగుతాడు, జీతం రాని కోచ్ ఇంకో స్కూల్లో చేరిపోతాడు. కోచ్ పోతే 45 మంది పిల్లలు నెలలోపే చెదిరిపోతారు, తర్వాత ఎన్ని పైసలు తెచ్చినా క్లబ్ ఉండదు.

తర్వాత ఫీజు. అందరికీ ఒకటే 200 పెట్టడం వల్ల ఇవ్వగలిగినవాళ్లు తక్కువ ఇస్తున్నారు, ఇవ్వలేనివాళ్లు అసలు ఇవ్వట్లేదు, కొన్నాళ్లకు మొహమాటంతో పిల్లాడిని మానిపిస్తున్నారు. మూడు మెట్లు పెట్టండి: 15 మందికి 500, 18 మందికి 200, 12 మందికి ఉచితం. నెలకు 11,100 వస్తుంది. అందులో ఎనభై శాతం వసూలైనా ఏడాదికి 1,06,560. ఇప్పుడు వచ్చే దానికంటే 41,760 ఎక్కువ. ఎవరు ఏ మెట్టో తల్లిదండ్రులే రాసివ్వాలి, కోచ్‌కు కూడా తెలియకూడదు. తెలిస్తే ఎవరిని ఆడించారు, ఎవరిని బెంచి మీద కూర్చోబెట్టారు అన్న ప్రతి నిర్ణయానికీ ఫీజు లెక్క అంటుకుంటుంది.

ఇంకా కావలసింది 2,39,990. దీన్ని ఒక్క మనిషి నుంచి తెద్దామని మళ్లీ చూడకండి. 2021–22లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీనే డబ్బు ఇబ్బందుల్లో పడి, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. ఏ ఒక్కరి నుంచీ బడ్జెట్‌లో నాలుగో వంతు, మీకైతే దాదాపు 86,000, మించి తీసుకోకూడదని తీర్మానం రాసుకోండి. ఎక్కువ ఇస్తామంటే ఆ మిగులును మరుసటి ఏడాదికి ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పెట్టండి.

గోదావరిఖని_గోలీ

అన్నా, లక్కీ డ్రా పెట్టుండ్రి. 100 రూపాయల టికెట్, ఫస్ట్ ప్రైజ్ బైక్. 5,000 టికెట్లు పోతే బైక్ పైసలు తీసేసినా మూడున్నర లక్షలు ఒక్క దెబ్బకు మిగుల్తయి. లేకుంటే క్లబ్ పేరు మీద చిట్టీ నడుపుండ్రి, కమీషన్ మీకే.

సుబేదారి_రిఫరీ

తమ్మీ, మనసు మంచిదే గని ఈ రెండూ వద్దు. టికెట్ అమ్మి డ్రా తీసి బహుమతి ఇస్తే అది లాటరీ కిందికే వస్తది, అనుమతి లేకుండ నడిపితే కేసు. చిట్టీ కూడా అంతే, రిజిస్టర్ చెయ్యకుండ నడిపితే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నేరం. పిల్లల క్లబ్ పేరు పోలీస్ స్టేషన్ల పడితే ఇగ ఏ తల్లీ పిల్లగాన్ని పంపది.

అందరు అనేది "టోర్నమెంట్ పెట్టండి" అని. పెట్టండి గని ముందుగాల లెక్క చూడండి, ఎందుకంటే మన దిక్కు టోర్నమెంట్లల్ల సగానికి సగం నష్టంల పోతయి.

16 టీమ్‌లు, ఏడుగురి ఆట, నాకౌట్. ఎంట్రీ 1,500 అంటే 24,000. నాకౌట్‌ల మ్యాచులు ఎప్పుడూ టీమ్‌ల కంటే ఒకటి తక్కువ, అంటే 15. ఇగ ఖర్చు: ప్రైజ్ మనీ 10,000, 5,000. ట్రోఫీలు 3,000. రిఫరీలకు మ్యాచుకు 600 చొప్పున 9,000. బంతులు నాలుగు, 3,600. గ్రౌండ్ 4,000. టెంటు, కుర్చీలు 4,000. మైకు 3,000. నీళ్లు 2,000. ఫస్ట్ ఎయిడ్ 1,500. ముగ్గు పిండి 600. మొత్తం 45,700. ఎంట్రీ తీసేస్తే 21,700 చేతి నుంచి పోతది. గ్రౌండ్ చుట్టూ 12 బోర్డులు ఒకటి 4,000కు అమ్మితే 48,000, ఫ్లెక్సీ, ఫ్రేమ్ ఖర్చు బోర్డుకు 750 తీసేస్తే 39,000. అంటే రెండు రోజులు ఇంత మంది కష్టపడితే మిగిలేది 17,300.

దెబ్బ కొట్టేది ప్రైజ్ మనీ. స్పాన్సర్ దొరకకముందే పోస్టర్ మీద 10,000 అని కొట్టిస్తరు, ఆ పైసల కోసమే బయటి ప్లేయర్లను తెచ్చుకునే టీమ్‌లు వస్తయి, సెమీఫైనల్‌ల కొట్లాట. నగదు తీసేసి గెలిచినోళ్లకు ట్రోఫీ, మ్యాచ్ బంతులల్ల రెండు ఇచ్చేయండి. అప్పుడు మిగిలేది 32,300. టీమ్‌లు తగ్గుతయి అనుకుంటరు గని కాలేజీ టీమ్‌లు, కాలనీ టీమ్‌లు ఆట కోసమే వస్తయి. మంచి రిఫరీ, టైముకు మ్యాచ్, తాగనీకి నీళ్లు ఉంటే మళ్లొచ్చే ఏడాది గూడ వస్తరు.

టైము విషయం. సగానికి 15 నిమిషాలు, మధ్యల 5, మారనీకి 5, మొత్తం మ్యాచుకు 40. 15 మ్యాచులంటే 10 గంటలు. ఒక్క గ్రౌండ్ మీద ఒక్క రోజుల కాదు. 100 మీటర్ల పొడుగు, 64 వెడల్పు ఉన్న పెద్ద గ్రౌండ్‌ను అడ్డంగ తిప్పితే 55 బై 37 కోర్టులు రెండు పడ్తయి, నడుమ మనుషులు నిలబడనీకి జాగ గూడ ఉంటది. అప్పుడు మొదటి రౌండ్ ఎనిమిది మ్యాచులు మూడు గంటల లోపల ఒడుస్తయి. శనివారం పొద్దున మొదటి రౌండ్, సాయంత్రం క్వార్టర్స్, ఆదివారం మిగిలినయి.

గీతలకు సున్నం వాడొద్దు. చెమట ఒంటి మీద కాలుస్తది, కండ్లల్ల పడితే చూపుకే ప్రమాదం. ముగ్గు పిండి వాడండి. నాలుగు గోల్ పోస్టులకు వెనుక మూటలు కట్టండి, ఇసుక సంచి కాలుకు 25 కిలోలు. విడి పోస్టు మీద పిల్లలు వేలాడితే ముందుకు పడి తల పగులుతది, ఇది ఎక్కడ జరిగినా ఒక్క నిమిషం పని చెయ్యక పోవడం వల్లనే జరుగుతది.

నెల: నవంబర్ నుంచి ఫిబ్రవరి. దసరాకు అందరు ఊర్లకు వస్తరు గని బతుకమ్మ తొమ్మిది రోజులు గ్రౌండ్లే ఖాళీ ఉండయి. మార్చి దాటితే పది గంటలకే గ్రౌండ్ మీద నిలబడలేం. గ్రౌండ్ ప్రభుత్వానిదైతే జిల్లా యువజన క్రీడల అధికారికి, కాలేజీదైతే ప్రిన్సిపాల్‌కు, రైల్వేదైతే వాళ్ల స్పోర్ట్స్ విభాగానికి నెల ముందే లెటర్ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మైకుకు పోలీసుల అనుమతి వేరే.

ఎంట్రీ పైసలు మూడు రోజుల ముందు కట్టినోళ్లతోనే డ్రా తీయండి. "పొద్దున వచ్చి కడ్తం" అన్న టీమ్ రాకపోతే వాకోవర్ (ఆడకుండనే అవతలోళ్లకు గెలుపు), ఆ మ్యాచ్ చూడనీకి వచ్చినోళ్లు ఎనుకకు పోతరు, బోర్డు ఇచ్చినోళ్లకు గూడ బాధ. ప్లేయర్ల జాబితా ఆధార్‌తోటి ముందే తీసుకోండి. ప్రొటెస్ట్ (ఫిర్యాదు) ఫీజు 500 పెట్టండి, నిజమైతే తిరిగి ఇచ్చేది.

జమ్మికుంట_స్ట్రైకర్

బోర్డుల మీద ఒక మాట. ఎవర్ని, ఎప్పుడు అడగాలె అన్నది తెల్వకనే సగం మంది ఖాళీ చేతులతో వస్తరు.

ఇంటర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ప్రచారానికి ఖర్చు పెట్టేది అడ్మిషన్ల టైంల, మార్చి నుంచి జూన్. అప్పుడు వాళ్లకు జెర్సీ అమ్మండి, ఎందుకంటే కొత్త జెర్సీ జూన్‌ల వేసుకుంటరు. ఎనుమాముల మార్కెట్ వ్యాపారులను పత్తి, మిర్చి సీజన్ల అడగాలె, అక్టోబర్ నుంచి మార్చి దాకా చేతుల పైసలు ఆడ్తయి, వానకాలంల పోతే చాయ్ తాపి పంపుతరు. హంటర్ రోడ్డు, నక్కలగుట్ట దిక్కు దవాఖానలను నగదు అడగకండి. టోర్నమెంట్ రెండు రోజులు ఫిజియోథెరపిస్ట్‌ను, ఫస్ట్ ఎయిడ్ కిట్‌ను అడగండి. వాళ్లకు ఇచ్చుడు తేలిక, మీకు 1,500 మిగుల్తది, బోర్డు కూడా పెట్టించుకుంటరు.

జెర్సీ ధరలు నేనైతే ఇట్ల పెడ్త: ఛాతీ 40,000, వీపు 25,000, చేయి 10,000. మొత్తం 75,000. సబ్లిమేషన్ ప్రింట్ చేయించండి, లోగో బట్టలనే ఇంకిపోతది. వేడితోటి అంటించే స్టిక్కర్ లోగో ఉతుకంగ ఉతుకంగ అంచులు లేస్తది, మూడో నెలల స్పాన్సర్ ఫోన్ చేస్తడు. ఒక్క పేజీ ఒప్పందం రాసుకోండి: ఎన్ని నెలలు, లోగో ఎంత సైజు, సగం పైసలు ప్రింట్‌కు ముందు. ముందే ప్రింట్ కొట్టిచ్చి తర్వాత పైసల కోసం తిరిగే క్లబ్బులు మస్తున్నయి.

ఆన్‌లైన్ బెట్టింగ్ యాప్ వాళ్లు ఎక్కువ ఇస్తమంటరు. తీసుకోవద్దు. 2025ల వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పైసలు పెట్టి ఆడే ఆటల ప్రకటనలను గూడ నిషేధించింది. గుట్కా, మందు బ్రాండ్లు పిల్లల ఛాతీ మీద అసలే వద్దు.

నెలనెలా ఇచ్చేటోళ్ల సంగతి: 100 చొప్పున 60 మంది, 500 చొప్పున 15 మంది దొరికితే నెలకు 13,500. నాలుగో వంతు ఆగిపోతరు అనుకున్నా ఏడాదికి 1,21,500. జెర్సీ 75,000, టోర్నమెంట్ 32,300 కలిపితే 2,28,800. ఇంకో పదకొండు వేలు ప్రయాణంల తగ్గించుకోవచ్చు, కాజీపేట జంక్షన్ పక్కన ఉండి బస్సు మాట్లాడుకునుడు ఎందుకు? ప్యాసింజర్‌ల పోండి.

వాట్సాప్‌ల పెట్టే మాట ఇట్ల ఉండాలె, ఇంతకంటే పొడుగు వద్దు:

"నమస్తే. కాజీపేటల 45 మంది పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే మన క్లబ్‌కు ఒక్క పిల్లగానికి నెలకు 640 రూపాయలు ఖర్చు అయితది. నెలకు 100 ఇచ్చే 60 మంది కావాలె. ప్రతి నెల 5వ తారీఖు ఖర్చు లెక్క ఇదే గ్రూపుల పెడ్తం. ఎప్పుడు ఆపాలన్నా ఒక్క మెసేజ్ చాలు."

జీతాలు పడ్డ రెండు మూడు రోజుల్లనే అడగండి. 20వ తారీఖు అడిగితే "వచ్చే నెల" అంటరు. 5వ తారీఖు లెక్క పెడ్తమన్నంక ఖర్చు లేని నెలల గూడ పెట్టాలె. రెండు నెలలు తప్పితే ఎవ్వరు అడగరు, చప్పుడు చెయ్యక ఇచ్చుడు బంద్ చేస్తరు.

కాజీపేట_లెఫ్ట్‌వింగ్

అందరికి మస్తు థాంక్స్. ఫీజు మెట్ల సంగతి ఈ ఆదివారమే తల్లిదండ్రుల ముందు పెడ్తం. రెండు డౌట్లు: రిజిస్ట్రేషన్, 80జీ (దానమిచ్చినోళ్లకు పన్ను మినహాయింపు) ఉంటేనే పెద్దోళ్లు ఇస్తరంటున్నరు, నిజమేనా? అమెరికాల ఉన్న మా పాత ప్లేయర్లు నలుగురు పంపుతమంటున్నరు, తీసుకోవచ్చా? సింగరేణి సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే పైసలు) గూడ అడుగుదామని ఒకరన్నరు.

ఆడిట్_అక్క

తమ్ముడూ, వరుసగా చెప్తాను.

ఆ రెండు ఫోన్‌పేలు వెంటనే ఆపించు. వ్యక్తిగత ఖాతాలోకి బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చినది 50,000 దాటితే ఆ మొత్తమంతా ఆ ఖాతా ఉన్నవాళ్ల ఆదాయంగా పరిగణించే వీలుంది. క్లబ్‌కు మేలు చేయబోయి ఆ ఇద్దరు నోటీసులు అందుకోవద్దు.

సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో రిజిస్టర్ చేయించండి. బైలాస్‌లో (సొసైటీ నియమావళిలో) మూడు వాక్యాలు మర్చిపోవద్దు. కుల మత భేదం లేకుండా అందరికీ ఆట నేర్పడం లక్ష్యం అని ఒకటి. మిగులును సభ్యులు పంచుకోరు అని ఒకటి. సొసైటీ రద్దయితే ఆస్తి ఇలాంటి లక్ష్యమే ఉన్న ఇంకో సంస్థకు పోతుంది అని మరొకటి. ఇవి లేకపోతే తర్వాత పన్ను రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు బైలాస్ మళ్లీ సవరించాల్సి వస్తుంది. ఏడుగురిలో ఒకే ఇంటివాళ్లు ఇద్దరు లేకుండా చూడండి. తర్వాత సొసైటీ పేరున పాన్, తీర్మానం కాపీతో సేవింగ్స్ ఖాతా, ఇద్దరి సంతకాలతో. ఆ ఖాతాకే క్యూఆర్.

80జీ సంగతి. దానం ఇచ్చేవాళ్లలో ఉద్యోగులు ఎక్కువ మంది ఇప్పుడు కొత్త పన్ను విధానంలో ఉన్నారు, అందులో 80జీ మినహాయింపే లేదు. పాత విధానంలో ఉన్నవాళ్లకు కూడా 2,000 దాటిన నగదుకు వర్తించదు, బంతులు, జెర్సీల రూపంలో ఇచ్చినదానికి వర్తించదు. నెలకు 100 ఇచ్చే మనిషి దాని కోసం ఇవ్వడు. మీ వైపు పని మాత్రం పెరుగుతుంది: ప్రతి దాత పాన్ తీసుకోవాలి, మే 31 లోపు దానాల వివరాల ఫారం (పాత చట్టంలో 10బీడీ) దాఖలు చేయాలి, ఆలస్యానికి రోజుకు 200 రుసుము, ఒక్కొక్కరికీ దానం సర్టిఫికెట్ (పాత చట్టంలో 10బీఈ) ఇవ్వాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, దానిలో సెక్షన్ల నంబర్లు వేరు, కాబట్టి పాత నమూనా ఫారాలు ఎక్కడి నుంచో దించుకుని నింపకండి.

ఇంకో చిక్కు ఎవరూ చెప్పరు. క్రీడలను ప్రోత్సహించే సంస్థ "ప్రజోపయోగం" అనే వర్గంలోకి వస్తుంది. ఆ వర్గంలో వ్యాపార స్వభావమున్న రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. దాటిన ఏడాది సంస్థకు పన్ను మినహాయింపు పోతుంది. మీరు లెక్క వేసుకున్న జెర్సీ స్పాన్సర్‌షిప్ 75,000, బోర్డులు 48,000 కలిపితే 1,23,000, మూడున్నర లక్షల మీద ముప్పై అయిదు శాతం. అందుకే ఈ ఏడాది సొసైటీ, ఖాతా, ఆడిట్ మీదే దృష్టి పెట్టండి. 80జీని నెలనెలా ఇచ్చేవాళ్లు నిలకడపడ్డాక చూడవచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ గడప 20 లక్షలు, మీరు దాని దరిదాపుల్లో లేరు.

అమెరికా వాళ్లు: ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్ట్ కాపీ ఫైల్లో పెట్టుకోండి, వాళ్ల ఎన్ఆర్‌ఓ లేదా ఎన్ఆర్‌ఈ ఖాతా (ప్రవాస భారతీయులకు ఇక్కడి బ్యాంకుల్లో ఉండేవి) నుంచి పంపమనండి. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు చట్టం దృష్టిలో విదేశీయులే. వాళ్ల నుంచి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. వాళ్లు ఇండియాకు వచ్చినప్పుడు చేతికిచ్చినా అంతే. క్రౌడ్‌ఫండింగ్ సైట్‌లో పేజీ పెడితే విదేశీ కార్డుల ఆప్షన్ ఆపి పెట్టండి.

సీఎస్‌ఆర్: కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో క్రీడా శిక్షణ ఉంది, అది నిజమే. కానీ డబ్బు అందుకునే సొసైటీకి పన్ను రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల పని చరిత్ర, సీఎస్‌ఆర్-1 నమోదు ఉండాలి. పైగా కంపెనీలు తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి కాబట్టి సింగరేణిని అడగాల్సింది భూపాలపల్లి, రామగుండం, మందమర్రి వైపు క్లబ్బులు. కాజీపేటకు అది దూరపు దారి. ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్‌ఆర్ ఖర్చుగా చూపకూడదు కాబట్టి, జెర్సీ మీద లోగో ఇస్తాం, సీఎస్‌ఆర్‌లో రాసుకోండి అని ఏ కంపెనీకీ లెటర్ పెట్టకండి.

గోదావరిఖని_గోలీ

లక్కీ డ్రా మాట ఎనుకకు తీసుకుంటున్న అన్నా. మందమర్రి, శ్రీరాంపూర్ దిక్కు క్లబ్బులోళ్లకు అక్క చెప్పిన సీఎస్‌ఆర్ సంగతి పంపిన.

కాజీపేట_లెఫ్ట్‌వింగ్

ఒక్కటే మిగిలింది అక్కా. సొసైటీ, పాన్, ఖాతా అయ్యేదాకా టైం పడ్తది. కోచ్ జీతం అప్పటిదాకా ఆగదు.

ఆడిట్_అక్క

అప్పటిదాకా డబ్బు మీ చేతికి రానివ్వకండి. ఇచ్చేవాళ్లనే నేరుగా కట్టమనండి. జెర్సీ షాపు బాకీ 18,000 ఒక సీనియర్ షాపుకే పంపి బిల్లు మీద "క్లబ్ బాకీ చెల్లు" అని రాయించుకోవాలి. కోచ్‌ల 51,000 ముగ్గురు పంచుకుని కోచ్‌ల ఖాతాల్లోకే వేయాలి, "ఏప్రిల్ నెల జీతం" అని ఏ నెలదో రిమార్కులో రాయాలి. ఆ స్క్రీన్‌షాట్లన్నీ తేదీలవారీగా ఒక నోట్‌బుక్‌లో అంటించి, పక్కన కోచ్ సంతకం తీసుకోండి. సొసైటీ మొదటి సమావేశంలో ఆ నోట్‌బుక్‌ను ముందు పెట్టి, ఎవరు ఎంత కట్టారో మినిట్స్‌లోకి ఎక్కించండి.

సుబేదారి_రిఫరీ

కోచ్‌తోటి గూడ ఇయ్యాలనే కూసోని మాట్లాడండి. పాత బాకీ ఏ తారీఖుకు ఎంత వస్తదో కాగితం మీద రాసి ఇయ్యండి, రెండు కాపీలు. గ్రౌండ్ లెటర్ గూడ ఈ వారమే పెట్టండి, జనవరి శని, ఆదివారాలు అందరికంటే ముందు క్రికెటోళ్లే బుక్ చేసుకుంటరు.